బైపాస్ రోడ్డు స్మోర్: పైన నల్లబడింది, లోపల కరగలేదు

తిరుపతి ఎయిర్ బైపాస్ రోడ్డులో ఈ మధ్య తెరిచిన ఒక డెజర్టు దుకాణంలో స్మోర్ అనే అమెరికా తీపి అమ్ముతున్నారని మా అమ్మాయి చెప్పగా, ఒక శనివారం సాయంత్రం దాన్నీ, మా అత్తగారినీ వెంటబెట్టుకుని వెళ్ళాను. పళ్ళెం చూడడానికి ముచ్చటగానే ఉంది. చిన్న చెక్క పలక మీద డైజెస్టివ్ బిస్కెట్టు, దాని మీద చాక్లెట్ ముక్క, ఆ పైన దూదిలా మెత్తగా ఉండే తెల్లటి తీపి బిళ్ళ, పెద్ద ఉసిరికాయంత మార్ష్‌మాలో. వడ్డించే కుర్రవాడు మా ఎదుటే గ్యాస్ టార్చి వెలిగించి, నీలిమంటను దాని మీద నాలుగైదు సెకన్లు తిప్పి, పైన రెండో బిస్కెట్టు మూసి, చేతికి అందించాడు. పంచదార కమిలిన వాసన గుప్పుమంది. కొరికాక అసలు సంగతి తెలిసింది. పైన కాగితమంత మందాన నల్లటి పెచ్చు, దాని కింద చల్లగా రబ్బరులా సాగే తెల్లటి ముద్ద, ఆ కింద ఏమాత్రం చెమర్చని చాక్లెట్. మూడూ ఒకదానికొకటి అంటుకోనే లేదు, కొరికిన వెంటనే పై బిస్కెట్టు జారి పళ్ళెంలో పడింది. దీని వెల 180 రూపాయలు.

నేను ఈ తినుబండారాన్ని మొదటిసారి హార్స్‌లీ హిల్స్‌లో, డిసెంబరు చలిలో, మేము బస చేసిన చోట వేసిన నెగడు దగ్గర తిన్నాను. ఆ రోజు నుంచి ఇంట్లో వీలైనప్పుడల్లా చేస్తూనే ఉన్నాను. చేతనైన వాళ్ళు చేస్తే ఇది ఎంత బాగుంటుందో తెలుసు కాబట్టే, మన ఊళ్ళో దీన్ని మొదటిసారి తినేవాళ్ళు ఈ పళ్ళేన్ని చూసి, స్మోర్ అంటే ఇంతేనని అనుకుంటారేమోనన్న బాధతో ఇంత వివరంగా రాస్తున్నాను. ఆ దుకాణంలో మెచ్చుకోవలసినవీ ఉన్నాయి, వాటి సంగతీ చెబుతాను.

స్మోర్‌లో ఉండేవి మూడే వస్తువులు: గోధుమ బిస్కెట్టు, చాక్లెట్, నిప్పు మీద కాల్చిన మార్ష్‌మాలో. అచ్చులో కనిపించే తొలి వివరాల్లో ఒకటి 1927లో అమెరికాలోని గర్ల్ స్కౌట్ల కోసం వెలువడిన ఒక కరదీపికలోది. అందులో దీని పేరు 'సమ్ మోర్', అంటే 'ఇంకొంచెం' అని అర్థం. ఆ రెండు మాటలూ పిల్లల నోళ్ళలో నలిగి, కలిసిపోయి, స్మోర్‌గా మిగిలాయి. ఆ పాకవిధానంలో 8 పుల్లలు, 16 గ్రాహమ్ అనే గోధుమ బిస్కెట్లు, సగానికి విరిచిన 8 చాక్లెట్ బిళ్ళలు, 16 మార్ష్‌మాలోలు లెక్క చెప్పారు, అంటే మనిషికి రెండు మార్ష్‌మాలోలన్న మాట. లెక్క కంటే నాకు ముఖ్యంగా కనిపించింది మరొకటి: మార్ష్‌మాలోను మంటలో కాల్చమని అక్కడ లేదు, నిప్పుల మీద కాల్చమని ఉంది. దాదాపు నూరేళ్ళ కిందట రాసిన ఆ ఒక్క మాటను పట్టించుకోకపోవడం వల్లనే బైపాస్ రోడ్డు స్మోర్ చెడింది.

మార్ష్‌మాలో అన్నది మొదట ఒక మొక్క పేరు. ఐరోపాలో బురద నేలల్లో పెరిగే ఆ మొక్క మన బెండ, మందారలతో ఒకే కుటుంబానికి చెందింది. బెండకాయ తరిగితే వేళ్ళకు అంటుకునే జిగురు ఎలాంటిదో, దాని వేరులోని జిగురూ అలాంటిదే. ఫ్రాన్సులో 19వ శతాబ్దపు మిఠాయి పనివాళ్ళు ఆ జిగురును, కోడిగుడ్డు తెల్లసొనను, పంచదారను కలిపి నురుగుగా గిలకొట్టి మెత్తటి బిళ్ళలు చేసేవారు. తరవాత వేరు జిగురు స్థానంలోకి జిలేటిన్ వచ్చింది, పేరు మాత్రం మొక్కదే నిలిచిపోయింది. ఇప్పుడు మనం కొనే మార్ష్‌మాలో అంటే పంచదార పాకం, మొక్కజొన్న నుంచి తీసిన గ్లూకోజు పాకం, జిలేటిన్, వాటి నిండా గాలి.

జిలేటిన్ దగ్గరే తిరుపతి వాళ్ళకు అసలు చిక్కు వస్తుంది. అది పశువుల, పందుల చర్మం నుంచి, ఎముకల నుంచి, కొన్నిసార్లు చేపల నుంచి తీసే పదార్థం. మా ఇంట్లో మేము శనివారం నీచు ముట్టం, మా అత్తగారు అసలే ముట్టరు. పళ్ళెం రాగానే ఆమె, "ఏమ్మా, దీంట్లో కోడిగుడ్డేమన్నా ఉండాదా?" అని అడిగారు. వడ్డించే అబ్బాయి తడుముకోకుండా, "లేదమ్మా, మా దగ్గర అంతా వెజ్జే" అన్నాడు. నాకు అనుమానం వచ్చి పొట్లం చూపించమన్నాను. లోపలికి వెళ్ళి తెచ్చాడు. వెనకవైపు గోధుమరంగు చదరంలో గోధుమరంగు త్రికోణం స్పష్టంగా ఉంది, పదార్థాల జాబితాలో నాలుగో మాటగా జిలేటిన్ అని ఉంది. మా అత్తగారు అప్పటికింకా కొరకలేదు. ఒక్క మాట అనకుండా పళ్ళేన్ని పక్కకు జరిపి, చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నారు. ఆ మౌనం చూసి నాకు ప్రాణం ఉసూరుమంది. ఆ అబ్బాయి అబద్ధం చెప్పాడని నేను అనుకోవడం లేదు. మిఠాయిలో మాంసం సంబంధమైనది ఉంటుందని అతనికి తట్టి ఉండదు. అయినా కొండకు వచ్చే యాత్రికులు, వ్రతాల్లో ఉన్నవాళ్ళు, మొక్కు తీర్చుకుని దిగివచ్చే కుటుంబాలు నిత్యం తిరిగే ఊళ్ళో, తాము అమ్ముతున్న వస్తువు మీద ఉన్న గుర్తును చదవకుండా ఒకరికి మాట ఇవ్వడం చిన్న పొరపాటు కాదు. యజమాని వచ్చి, విషయం విని, క్షమాపణ చెప్పి, మొత్తం డబ్బు వెనక్కి ఇచ్చారు. పొట్లం దాచకుండా చూపించినందుకూ, వాదనకు దిగనందుకూ ఆయన్ను గౌరవిస్తాను.

శాకాహారుల కోసం ఆకుపచ్చ గుర్తు ఉన్న మార్ష్‌మాలోలు ఇప్పుడు దొరుకుతున్నాయి. వాటిలో జిలేటిన్‌కు బదులు సముద్రపు పాచి నుంచి తీసే అగర్, కారజీనన్ వంటివి వాడతారు. తినడానికి బాగానే ఉంటాయి గాని, కాల్చేటప్పుడు వీటి నడవడి వేరు. జిలేటిన్ దాదాపు 35 డిగ్రీల వేడికే కరుగుతుంది. చాక్లెట్‌లోని కోకో బటర్ అనే కొవ్వు కూడా ఇంచుమించు ఆ వేడికే, 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మన ఒంటి వేడి 37 డిగ్రీలు. కాబట్టి జిలేటిన్ మార్ష్‌మాలో, చాక్లెట్ రెండూ నోటి వేడికే ఒకేసారి విడిపోయి ఒకటైపోతాయి. స్మోర్ తిన్నవాళ్ళు ఆ సుఖాన్ని మరిచిపోలేకపోవడానికి కారణం ఇదే. అగర్ సంగతి అలా కాదు, ఒకసారి గట్టిపడ్డాక అది తిరిగి కరగాలంటే 85 డిగ్రీల వరకూ వేడి కావాలి. నేను ఇంట్లో కాల్చి చూసినప్పుడు అగర్ మార్ష్‌మాలో పైన చక్కగా ఎర్రబడింది గాని, లోపల చాలాసేపు జెల్లీలాగే నిలబడింది. దానికి నిదానమైన సెగ, ఎక్కువ సమయం కావాలి. రెంటినీ ఒకే విధంగా కాల్చబోతే రెండోది చెడిపోక తప్పదు.

చాక్లెట్ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. కోకో బటర్‌తో చేసినదై ఉండాలి, పలుచగా ఉండాలి. నూనెలు గడ్డకట్టించి చేసే కాంపౌండ్ చాక్లెట్ నాలుక మీద మైనంలా నిలిచిపోతుంది, ముక్క నోట్లో పెట్టుకుంటే అర నిమిషంలో తేడా తెలిసిపోతుంది. ఈ దుకాణంలో వాడేది అసలైన పాల చాక్లెట్టే, అందుకు సంతోషించాను. అయితే అది మందమైన దిమ్మ నుంచి విరిచిన ముక్క, పైగా అప్పుడే ఫ్రిజ్‌లోంచి తీసినది. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే ఊళ్ళో చాక్లెట్‌ను ఫ్రిజ్‌లో దాచుకోక తప్పదు, నిజమే. వడ్డించడానికి పావుగంట ముందు బయట పెట్టుకుంటే సరిపోతుంది.

బిస్కెట్టు విషయంలో కొంత ఆగాలి. గ్రాహమ్ బిస్కెట్టుకు ఆ పేరు సిల్వెస్టర్ గ్రాహమ్ అనే అమెరికా మతబోధకుడి వల్ల వచ్చింది. 1851లో చనిపోయిన ఈయన మాంసం మానమనీ, జల్లెడ పట్టని ముతక గోధుమపిండే తినమనీ ఊరూరా తిరిగి ప్రచారం చేసిన మనిషి. మాంసం వద్దన్న మనిషి పేరుతో ఉన్న బిస్కెట్టు మీద జిలేటిన్ మిఠాయిని పెట్టి తినడం లోకమంతటా వాడుకైపోయిందని చదివినప్పుడు, ఆకుపచ్చ గుర్తు స్మోర్ కోసం వెతుక్కోవడంలో ఒక న్యాయం ఉందనిపించింది. ఆ బిస్కెట్టుకు ఉన్న గుణం దాని పొట్టులో ఉంది. ముతక పిండి వల్ల అది పుటుక్కున విరుగుతుంది, గోధుమ కమ్మదనం ఉంటుంది, తీపి తక్కువగా తోస్తుంది. మన దుకాణాల్లో దానికి దగ్గరగా వచ్చేది డైజెస్టివ్ బిస్కెట్టే. మారీ బిస్కెట్టుతో చాలామంది చేస్తుంటారు. అది మరీ పలుచన, నొక్కగానే చిట్లి, కరిగిన పాకం వేళ్ళ మీదికి కారుతుంది, చిన్నపిల్లలకు ఇస్తే చేతులు కాలే ప్రమాదం ఉంది. ఈ దుకాణం డైజెస్టివ్ వాడి మంచి పని చేసింది. పొట్లం విప్పి ఎంతసేపయిందో గాని మా పళ్ళెంలోవి కొంచెం మెత్తబడి ఉన్నాయి.

ఇక కాల్చడం. దుకాణంలో చేదు అనుభవం అయ్యాక రెండు రోజులకు, వాన వెలిసిన సాయంత్రం, కపిలతీర్థం రోడ్డులో మొక్కజొన్న కంకులు కాల్చే బండి దగ్గర ఆగాను. బండి నడిపే ఆమె బొగ్గులు రాజేసి, మంట లేచినంతసేపూ ఒక్క కంకి కూడా పెట్టలేదు. విసనకర్రతో విసిరి విసిరి, బొగ్గుల మీద విభూతి పూసినట్టు తెల్లటి పొర పట్టాక, అప్పుడు కంకులు వరసగా పేర్చింది. ఎందుకు ఆగావక్కా అని అడిగితే, "మంటలో పెడితే పైన మాడిపోతాదమ్మా, లోపల పచ్చిగానే ఉంటాది. నిప్పు మీద పెట్టల్ల" అంది. నూరేళ్ళనాటి పాకవిధానంలో ఉన్న మాటనే ఆమె తన పనిలోంచి చెప్పింది. నా సంచిలో ఆ రోజే కొన్న మార్ష్‌మాలోలు, వెదురు పుల్లలు ఉన్నాయి. రెండు కంకులకు డబ్బులిచ్చి, అవి కాలేలోగా ఒక మూల నేనూ కాల్చుకుంటానని అడిగితే సరేనని బండి మూలన కొంచెం చోటిచ్చింది.

నిప్పులకు బెత్తెడు ఎత్తున పట్టుకుని, పుల్లను వేళ్ళ మధ్య ఆపకుండా తిప్పుతూ పోయాను. మొదటి అర నిమిషం ఏమీ జరగదు. తరవాత తెలుపు మీగడ రంగులోకి తిరుగుతుంది, లోపలి గాలి వేడెక్కి వ్యాకోచించడం వల్ల మార్ష్‌మాలో పెనం మీద పుల్కా పొంగినట్టు ఉబ్బుతుంది, పైపొర బిగుసుకుంటుంది. ఆ పైన అక్కడక్కడ లేత గోధుమరంగు మచ్చలు లేచి, ఒకదానితో ఒకటి కలిసి, చివరకు మొత్తం అరిసె రంగుకు వస్తుంది. పంచదార కమిలి, కొద్దిగా చేదు కలిసిన కమ్మటి వాసన ముక్కుకు తగులుతుంది. రంగు చూసి ఆపకూడదు, ఇంకో గుర్తు ఉంది. మార్ష్‌మాలో పుల్ల మీద బరువుగా వేలాడి, మెల్లగా కిందికి జారడం మొదలుపెడితే అప్పుడు లోపలంతా కరిగినట్టు. నాకు దాదాపు రెండున్నర నిమిషాలు పట్టింది. దాన్ని చాక్లెట్ పెట్టిన బిస్కెట్టు మీదికి దించి, పై బిస్కెట్టుతో నొక్కిపట్టి పుల్ల లాగేసి, అర నిమిషం ఊరుకోవాలి. ఈ అర నిమిషం ఓపిక పట్టనివాళ్ళకు స్మోర్ దక్కదు. మార్ష్‌మాలో తన లోపలి వేడిని చాక్లెట్‌కు ఇచ్చి దాన్ని కరిగించేది ఆ సమయంలోనే. బండి ఆమెకు ఒకటి ఇచ్చాను. ముందు వాసన చూసి, నిదానంగా నమిలి, "పాకం గెట్టిగా పట్టినావు" అంది.

టార్చి మంట సుమారు వెయ్యి డిగ్రీలకు పైన ఉంటుంది. అంత వేడి తగిలిన పైపొర క్షణంలో నల్లబడుతుంది. గాలి నిండిన మార్ష్‌మాలో వేడిని లోపలికి త్వరగా పోనివ్వదు, కాబట్టి నాలుగు సెకన్లలో నడిమి వరకూ వేడి చేరే వీలే లేదు. వాళ్ళు టార్చి వాడడానికి కారణం నాకు అర్థమవుతుంది. ఏసీ గదిలో బొగ్గులు పెట్టకూడదు, తలుపులు మూసిన గదిలో బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాంతకం. అయితే ఆ దుకాణం ముందు పది కుర్చీలు పట్టే ఆరుబయలు వసారా ఉంది. అక్కడ ఒక కుంపటి పెట్టి, ఎవరి పుల్ల వాళ్ళ చేతికి ఇస్తే, ఈ వస్తువుకు పెట్టే 180 రూపాయలూ సార్థకమవుతాయి. కనీసం ఓవెన్‌లో ముందు మార్ష్‌మాలోను వెచ్చబెట్టి, రంగు కోసం మాత్రమే టార్చి చూపినా సగం దోషం పోతుంది. ఇంట్లో చేసుకునేవాళ్ళు గ్యాస్ పొయ్యిని సిమ్‌లో ఉంచి, దాని మీద పుల్కా జాలి పెట్టి, ఆ జాలికి నాలుగు వేళ్ళ ఎత్తున తిప్పితే చాలావరకు అదే ఫలితం వస్తుంది. పుల్లల కోసం పెరట్లో ఏదో ఒక కొమ్మ విరవకండి, ముఖ్యంగా గన్నేరు జోలికి పోకండి, అది నిలువెల్లా విషం. ఇంకొక విన్నపం: ఈ సరదా కోసం తలకోన వైపు వెళ్ళి అడవిలో నిప్పు రాజేయకండి. రిజర్వు అడవిలో అది చట్టప్రకారం నేరం, శేషాచలం కొండల్లో ఎండాకాలం ఒక్క నిప్పురవ్వ చాలు ఎర్రచందనం చెట్లు బుగ్గి కావడానికి.

ఈ దుకాణంలో మామూలు స్మోర్ కాక మరో నాలుగు రకాలు ఉన్నాయి. రెండుసార్లు వెళ్ళి అన్నీ రుచి చూశాను. వాటిలో నన్ను నిజంగా ఆశ్చర్యపరిచింది రాగి స్మోర్. పక్క వీధి బేకరీలో చేయించిన రాగి బిస్కెట్లు వాడతారు. రాగికి ఉండే మట్టి వాసన, కొద్దిపాటి వగరు, కమిలిన పంచదారకు ఎంత చక్కగా జతపడ్డాయో మాటల్లో చెప్పడం కష్టం. రాగిసంగటి తిని పెరిగిన నాలుకకు అది కొత్త తీపిలా అనిపించలేదు, ఎప్పటినుంచో తెలిసిన రుచి మరో రూపంలో వచ్చినట్టుంది. బిస్కెట్టు కాస్త పొడిపొడిగా రాలుతుంది, గోధుమపిండి వాటా పెంచమని బేకరీ వాళ్ళకు చెబితే నిలబడుతుంది. పాన్ స్మోర్ మాత్రం కుదరలేదు. మార్ష్‌మాలో కింద గుల్కంద్, సోంపు, తమలపాకు ముక్క పెడతారు. గుల్కంద్ తీపి, మార్ష్‌మాలో తీపి, చాక్లెట్ తీపి ఒకదాని మీద ఒకటి పడి మూడో కొరుక్కే మొహం మొత్తింది, ఆకు వేడికి వాడి పంటికి నారలా చుట్టుకుంది. మామిడి స్మోర్‌లో డబ్బా గుజ్జు పోశారు. అది చక్కెర కలిపిన గుజ్జు, పైగా నీరు విడిచి బిస్కెట్టును నానబెట్టేసింది.

మామిడిని ఇలా వాడడం చూస్తే మనసొప్పలేదు. చిత్తూరు జిల్లా తోతాపురికి పుట్టిల్లు లాంటిది, కాయ కాలంలో గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు, లారీలు బారులు తీరి నిలబడడం ఈ ప్రాంతంలో అందరూ చూసే దృశ్యమే. తోతాపురి అందం దాని పులుపులో ఉంది. నేను ఇంట్లో చేసేది ఇలా: దోరగా ఉన్న తోతాపురిని తొక్కతోనే రేకుల్లా పలుచగా కోసి, చిటికెడు ఉప్పు, వేలి కొసతో తీసినంత కారం చల్లి, తడి లేకుండా గుడ్డతో అద్ది, ఒకే ఒక్క రేకును చాక్లెట్‌కూ మార్ష్‌మాలోకూ మధ్య పెడతాను. దీనికి పాల చాక్లెట్ పనికిరాదు, కోకో వాటా ఎక్కువగా ఉన్న నల్ల చాక్లెట్ కావాలి. కొరికినప్పుడు ముందు కరకర, తరవాత వేడి తీపి, దాని వెనకే పులుపూ కారమూ వచ్చి నోరు శుభ్రమవుతాయి. స్కూలు గేటు ముందు ఉప్పూకారం అద్దిన మామిడి ముక్కలు కొనుక్కుని తిన్నవాళ్ళకు ఇది వెంటనే నచ్చుతుంది.

నేను చేసిన మార్పుల్లో అన్నిటికంటే నిలిచినది మరీ సులువైనది: డైజెస్టివ్‌కు బదులు బేకరీ ఉప్పు బిస్కెట్టు. వెన్న వేసి చేసిన, నోట్లో పెడితే ఇసుకలా విడిపోయే ఆ బిస్కెట్టులోని ఉప్పు తీపిని అదుపులో పెడుతుంది, చాక్లెట్ రుచిని పైకి తెస్తుంది. చాక్లెట్ మీద చిటికెడు ఫిల్టర్ కాఫీ పొడి చల్లితే ఇంకా బాగుంటుంది, పొడి మరీ మెత్తగా ఉండాలి, లేకపోతే పంటి కింద పడుతుంది. చెనక్కాయల చిక్కీని బిస్కెట్టుగా వాడితే బ్రహ్మాండంగా ఉంటుందని ఎంతో ఆశపడ్డాను. వేడి తగలగానే బెల్లం పాకం మెత్తబడి పళ్ళకు పట్టేసింది, లోపలి మార్ష్‌మాలో రుచి దాని ముందు ఆనలేదు. చిక్కీని దంచి, ఆ పలుకులను కరిగిన మార్ష్‌మాలో అంచులకు అద్దితే మాత్రం బాగుంది. మా అమ్మాయి స్నేహితురాలు ఒకరు లడ్డూతో చేసి చూడమన్నారు. మిఠాయి కొట్టు లడ్డూతో ఎవరేం చేసుకున్నా వారిష్టం, శ్రీవారి ప్రసాదాన్ని మాత్రం ప్రయోగాలకు వాడే ఆలోచన కూడా నాకు లేదు.

మూడు వారాల తరవాత రెండోసారి వెళ్ళినప్పుడు దుకాణంలో మార్పు కనిపించింది. ఆకుపచ్చ గుర్తు మార్ష్‌మాలోలు తెప్పించి, వేరే డబ్బాలో, వేరే పట్టకారుతో ఉంచారు. కౌంటరు మీద ఏ రకంలో జిలేటిన్ ఉందో తెలుగులో రాసి పెట్టారు. అడిగితే పొట్లం చూపిస్తున్నారు. ఒక కస్టమర్ మాటను ఇంత శ్రద్ధగా పట్టించుకున్నందుకు నిజంగా సంతోషం కలిగింది. కాల్చడం మాత్రం పాత పద్ధతే. అగర్ మార్ష్‌మాలో మీద టార్చి తిప్పగానే పైన అట్టకట్టింది, లోపల ఐసుముక్కంత చల్లగా ఉండిపోయింది. యజమానికి కంకుల బండి సంగతి చెప్పి, వసారాలో కుంపటి పెట్టమని అడిగాను. ఆలోచిస్తానన్నారు.

అప్పటివరకూ ఆ దుకాణానికి వెళ్ళేవాళ్ళు ఇనుప పెనం స్మోర్ అడగడం మంచిది, అదే అక్కడి నాలుగో రకం. అరచేతి కంటే కొంచెం పెద్దదైన పోత ఇనుప పెనంలో అడుగున చాక్లెట్ పలుకులు పరిచి, వాటి మీద మార్ష్‌మాలోలు సగానికి కోసి పేర్చి, ఓవెన్‌లో పెడతారు. ఇనుము వేడిని కింద నుంచి నిదానంగా ఇస్తుంది, ఓవెన్ పైనుంచి ఇస్తుంది, ఎక్కడా మంట తగలదు. అందుకే టార్చి చేసిన తప్పు ఇందులో లేదు, శాకాహారపు మార్ష్‌మాలో కూడా ఇందులో పూర్తిగా లొంగుతుంది. బిస్కెట్లతో తోడుకుని తినాలి. వెల 260 రూపాయలు, ముగ్గురికి సరిపోతుంది. వడ్డించడానికి పన్నెండు నిమిషాలు పట్టింది, పెనం పిడికి గుడ్డ చుట్టి తెచ్చారు, చిన్నపిల్లలుంటే దూరంగా పెట్టుకోండి. డైజెస్టివ్‌లకు బదులు రాగి బిస్కెట్లు ఇవ్వమంటే అదనంగా ఏమీ తీసుకోకుండా ఇచ్చారు. సాయంత్రం ఏడు దాటితే కుర్చీలు దొరకవు, ఆరు గంటలకే వెళ్ళడం నయం.

ఆ రోజు మా అత్తగారు కూడా వచ్చారు. పొట్లం తెప్పించుకుని, కళ్ళజోడు పెట్టుకుని, ఆకుపచ్చ చుక్కను తన కళ్ళతో చూసుకున్నాకే బిస్కెట్టు చేతికి తీసుకున్నారు. మేమిద్దరం తిని చేతులు కడుక్కుని వచ్చేసరికి, పెనం అంచున అంటుకున్న మాడు పాకాన్ని రాగి బిస్కెట్టు ముక్కతో గీరుకుని తింటున్నారు.